బండ కింద నీళ్ల ఖజానా.. కడప, కర్నూలు డోలమైట్ రాళ్లు ఎలా పుట్టాయి? వాటిలో నీళ్లు ఎక్కడ దాక్కుంటాయి?

ఒకే పొలం.. రెండు బోర్లు. ఒకదానిలో మూడించుల నీళ్లు పడ్డాయి. కాస్త దూరంలో వేసిన రెండోదాంట్లో తెల్లటి దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. పులివెందుల, వేంపల్లె, వేముల, బేతంచెర్ల వైపు ఏ ఊళ్లో కూర్చున్నా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. అదృష్టమని కొందరు, జాతకమని కొందరు సరిపెట్టుకుంటారు.

కానీ దీని వెనక అదృష్టం కంటే పెద్ద కథే ఉంది. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట మొదలైన కథ అది. అందులో హీరో ఒక రాయి.. పేరు డోలమైట్. ఈ రాయి లోపల ఖాళీలు ఎలా ఏర్పడతాయో తెలిస్తే ఒక బోరు ఎందుకు పారుతుందో, ఇంకోటి ఎందుకు ఎండుతుందో అర్థమవుతుంది. ప్రపంచంలో కొన్ని పెద్ద చమురు బావుల గుట్టు కూడా ఇదే. ఇంతకీ ఆ కథేంటో చూద్దాం..

అసలు డోలమైట్ అంటే ఏంటి?

సున్నపురాయి మనందరికీ తెలిసిందే. అది ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఆ రాయిలో కాల్షియం దాదాపు సగం తప్పుకుని, దాని స్థానంలోకి మెగ్నీషియం వచ్చి చేరితే తయారయ్యేదే డోలమైట్. లోపల ఒక పొర కాల్షియం, ఒక పొర మెగ్నీషియం.. ఇలా వరుసగా పేర్చినట్టు ఉంటాయి. స్వచ్ఛమైన డోలమైట్‌లో బరువు పరంగా దాదాపు 54 శాతం కాల్షియం కార్బొనేట్, 46 శాతం మెగ్నీషియం కార్బొనేట్ ఉంటాయి.

ఫ్రాన్స్‌కు చెందిన దియోదా ద డొలోమ్యూ అనే శాస్త్రవేత్త 1791లో ఈ రాయి గురించి రాశారు. ఆ తర్వాత ఆయన పేరే దీనికి స్థిరపడింది. ఇటలీలోని డోలమైట్ పర్వతాలకూ ఆయన పేరు మీదే ఆ పేరు వచ్చింది.

మన ఇంట్లోని కడప బండ డోలమైటేనా?

చాలామందికి వచ్చే డౌట్ ఇది. వంటగది గట్టు మీద వేసే నల్ల కడప బండ, ఇంటి ముందు పరిచే బేతంచెర్ల నాపరాయి.. ఇవి ఎక్కువగా సున్నపురాయి రకాలే. డోలమైట్ వీటికి దగ్గరి చుట్టం.

రెండింటినీ గుర్తుపట్టడానికి భూగర్భ శాస్త్రవేత్తలు ఒక చిన్న పరీక్ష చేస్తారు. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే సున్నపురాయి సోడా బుడ్డి కొట్టినట్టు బుసబుసమని పొంగుతుంది. డోలమైట్ అయితే పెద్దగా పొంగదు. గీకి పొడి చేసి వేస్తేనే నెమ్మదిగా బుడగలు వస్తాయి. డోలమైట్ సున్నపురాయి కంటే కొంచెం గట్టిది, కొంచెం బరువైనది కూడా.

వ్యాపారంలో ఈ తేడా చాలా ముఖ్యం. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టూ ఉన్న సిమెంట్ ఫ్యాక్టరీలకు కావాల్సింది సున్నపురాయి. అందులో మెగ్నీషియం ఎక్కువైతే సిమెంట్ గట్టిపడ్డాక నెమ్మదిగా ఉబ్బి పగుళ్లిస్తుంది. అందుకే వాళ్లకు డోలమైట్ పనికిరాదు. అదే ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్తే సీన్ రివర్స్. అక్కడ డోలమైట్ కావాల్సిన సరుకు. విశాఖ స్టీల్ ప్లాంట్ తన సున్నపురాయి కోసం జగ్గయ్యపేట గనిని, డోలమైట్ కోసం ఖమ్మం వైపు మాదారం గనిని పెట్టుకుంది.

గువ్వలచెరువు ఘాట్ దగ్గర సముద్రం ఉండేది..

గువ్వలచెరువు అనగానే చాలామందికి పాలకోవా గుర్తొస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలకు మాత్రం గుర్తొచ్చేది ఒక రాతి పొర. ఇంగ్లిష్ వాళ్ల నోట్లో గువ్వలచెరువు కాస్తా గుల్చేరు అయ్యింది. 'గుల్చేరు క్వార్ట్‌జైట్' అనే పేరు అలా వచ్చిందే. కడప రాళ్ల వరుసలో అన్నిటికంటే అడుగున ఉండే పొర అది. దాని మీద పరుచుకున్నదే 'వేంపల్లె' పొర. మనం చెప్పుకుంటున్న డోలమైట్ ఎక్కువగా ఉన్నది ఇందులోనే.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన విలియం కింగ్ ఈ ప్రాంతమంతా తిరిగి 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలకు అదే పునాది. ఈ ప్రాంతాన్ని శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. పాపఘ్ని, చిత్రావతి, నల్లమల, కర్నూలు.. ఇక్కడి రాళ్ల గుంపుల పేర్లన్నీ మన నదులు, కొండలు, ఊళ్లవే. పొరల పేర్లు చూసినా అంతే. పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల.. ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టే ఉంటుంది!

మరి వయసు ఎంత? పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యలోకి లావా చొరబడి గడ్డకట్టిన ఒక రాతి పలక ఉంది. దాని వయసు సుమారు 188 కోట్ల 50 లక్షల ఏళ్లని 2008లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. ఆ పలక చొరబడింది వేంపల్లె కంటే పైన ఉన్న పొరలోకి. అంటే అడుగున ఉన్న వేంపల్లె డోలమైట్ అంతకంటే పాతదన్నమాట. డైనోసార్లు తొలిసారి కనిపించింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. దాన్ని బట్టి ఈ రాయి ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

అప్పుడు ఇక్కడ లోతు తక్కువ ఉన్న సముద్రం ఉండేది. చేపలు లేవు, నత్తలు లేవు, చెట్టూ చేమా లేవు. ఉన్నవి సూక్ష్మజీవులే. అవి సముద్రం అడుగున జిగురు చాపలా పరుచుకుని, నీటిలోని సున్నపు రేణువులను పట్టుకుని పొర మీద పొర కట్టుకుంటూ పోయాయి. అలా ఏర్పడిన రాతి గుబ్బలను స్ట్రొమాటొలైట్లు అంటారు. వేంపల్లె పొరలో ఇవి బాగా కనిపిస్తాయి. అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలో రేకులు కనిపించినట్టు, రాయిలో వంపు తిరిగిన గీతలు ఉంటాయి. ఇలాంటివి ఇప్పటికీ పెరుగుతున్న చోటు పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే.

వేంపల్లె రాళ్లలో అలల గుర్తులు, ఎండకు పగిలిన బురద నెర్రెలు, ఉప్పు స్ఫటికాలు ఒకప్పుడు ఉండి కరిగిపోయిన అచ్చులు కూడా దొరికాయి. అంటే నీళ్లు వస్తూ పోతూ, మధ్యమధ్యలో ఎండుతూ, ఉప్పు కడుతూ ఉన్న తీరం అది. డోలమైట్ పుట్టడానికి ఇది చాలా ముఖ్యమైన క్లూ.

సున్నపురాయి డోలమైట్‌గా మారేది ఇలా..

లీటరు సముద్రపు నీటిలో సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. డోలమైట్‌కు కావాల్సిన ముడి సరుకు అదే. కానీ ఉప్పు నీళ్లు ఊరికే రాయిని తాకితే పని జరగదు. రాయి లోపలి నుంచి ఆ నీళ్లు పారుతూనే ఉండాలి. రాయి లోపల పట్టే నీటికి వందల రెట్లు నీళ్లు దాని గుండా వెళ్తే తప్ప మార్పు పూర్తి కాదు. మరి ఆ నీటిని రాయిలోకి నెట్టేది ఎవరు? ఇందుకు కొన్ని దారులు ఉన్నాయి.

మొదటిది ఎండ. తీరంలో నిలిచిన నీరు ఆవిరవుతూ ఉప్పగా మారుతుంది. ముందుగా జిప్సం రూపంలో కాల్షియం విడిపోతుంది. మిగిలిన నీటిలో కాల్షియంతో పోలిస్తే మెగ్నీషియం వాటా పెరుగుతుంది. ఈ చిక్కటి ఉప్పునీరు బరువెక్కి కిందకు ఇంకుతూ, దారిలో ఉన్న సున్నపు బురదను డోలమైట్‌గా మారుస్తుంది. అబుదాబి తీరంలోని ఉప్పు మైదానాల్లో డోలమైట్ ఇలా ఏర్పడటాన్ని శాస్త్రవేత్తలు ఇప్పటికీ చూస్తున్నారు. వేంపల్లె రాళ్లలోని బురద నెర్రెలు, ఉప్పు అచ్చులు అలాంటి తీరాన్నే గుర్తు చేస్తాయి.

రెండోది లోతు. పొరల మీద పొరలు పడి రాయి భూమి లోపలికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే డోలమైట్ తయారీ సులువవుతుంది. మూడోది పగుళ్లు. భూమిలోని పెద్ద పగుళ్ల వెంట వేడి నీళ్లు పైకి ఎగదన్ని, ఆ దారి పక్కన ఉన్న రాయినంతా మార్చేస్తాయి.

రెండు వందల ఏళ్లుగా శాస్త్రవేత్తలను తిప్పలు పెట్టిన ప్రశ్న

ఇక్కడే అసలు ట్విస్ట్. లెక్క ప్రకారం చూస్తే ఇవాళ్టి సముద్రపు నీటిలో డోలమైట్ దానంతట అదే ఏర్పడాలి. కానీ ఏర్పడటం లేదు. పాత రాళ్లలో కుప్పలు తెప్పలుగా ఉన్న ఈ ఖనిజం కొత్త సముద్రాల్లో చాలా అరుదు. దీన్నే 'డోలమైట్ ప్రాబ్లం' అంటారు.

అమెరికాకు చెందిన లింటన్ ల్యాండ్ అనే శాస్త్రవేత్త 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద డోలమైట్ తయారవుతుందేమోనని ఏకంగా 32 ఏళ్లు ఎదురుచూశారు. అవసరమైన దానికంటే 1,000 రెట్లు ఎక్కువ సరుకు నీటిలో ఉన్నా డోలమైట్ పుట్టలేదు. ఆ ఫలితాన్ని ఆయన 1998లో ప్రచురించారు.

అంతకు ముందే 1995లో ఇంకో దారి దొరికింది. బ్రెజిల్‌లోని లాగోవా వెర్మెల్యా అనే ఉప్పు మడుగులో సూక్ష్మజీవుల సాయంతో డోలమైట్ ఏర్పడుతోందని క్రిసోగొనో వాస్కొన్‌సెలోస్, జుడిత్ మెకెంజీ బృందం చూపించింది. సూక్ష్మజీవుల చాపలు నిండిన వేంపల్లె సముద్రం గురించి ఆలోచించేవారికి ఇది ఆసక్తికరమైన విషయం.

2023లో మిషిగన్, హొక్కైడో యూనివర్సిటీల శాస్త్రవేత్తలు 'సైన్స్' జర్నల్‌లో ఇంకో ముడి విప్పారు. డోలమైట్ పెరిగేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం తమ వరుసల్లో కాకుండా అడ్డదిడ్డంగా కూర్చుంటాయి. అంతే.. ఎదుగుదల ఆగిపోతుంది. అయితే నీటి గాఢత పెరుగుతూ తగ్గుతూ ఉంటే తప్పుగా కూర్చున్నవి కరిగి కొట్టుకుపోతాయి. సరైన వరుస మిగులుతుంది. ఈ పద్ధతిలో వాళ్లు ల్యాబ్‌లో దాదాపు 300 పొరల డోలమైట్‌ను పెంచారు. అంతకు ముందు ల్యాబ్‌లో ఐదు పొరలు దాటలేదు. వరద వచ్చి, ఎండి, మళ్లీ తడిసే తీరాల్లో ఈ రాయి ఎందుకు బాగా పెరుగుతుందో ఇప్పుడు తెలిసినట్టే.

రాయిలో 'గది' ఎలా తయారవుతుంది?

రిజర్వాయర్ అంటే మనకు గండికోట, అవుకు, బ్రహ్మంసాగర్ గుర్తొస్తాయి. రాతి భాషలో రిజర్వాయర్ అంటే లోపల ఖాళీలు ఉండి, అవి ఒకదానితో ఒకటి కలిసి ఉన్న పొర. ఆ ఖాళీల్లో నీళ్లు ఉండొచ్చు, చమురు ఉండొచ్చు, గ్యాస్ ఉండొచ్చు.

డోలమైట్‌కు ఈ గుణం ఎలా వస్తుందంటే.. కాల్షియం అణువు కంటే మెగ్నీషియం అణువు చిన్నది. బయటి నుంచి అదనంగా కార్బొనేట్ రాకుండా సున్నపురాయి డోలమైట్‌గా మారితే ఘనపరిమాణం సుమారు 12 నుంచి 13 శాతం తగ్గుతుంది. తగ్గిన మేరకు లోపల ఖాళీ మిగలాలి. ఈ లెక్కను 1830ల్లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎలీ ద బోమాంట్ చెప్పారు.

అయితే ప్రతిచోటా ఈ లెక్క ఇంత సూటిగా పనిచేయదు. చాలా డోలమైట్లలో ఖాళీలు పాత సున్నపురాయి నుంచి వారసత్వంగా వచ్చినవే. మరి డోలమైట్ చేసే మేలు ఏంటి? వాటిని కాపాడటం.

మెత్తటి సున్నపు బురదలో రేణువులు పిండిలా ఉంటాయి. నీళ్లు కదలడానికి సందు ఉండదు. అదే డోలమైట్‌గా మారాక పలుకులు పెద్దవై చక్కెర రవ్వల్లా ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. బొరుగుల ఉండను ఊహించుకోండి. ఉండ గట్టిగానే ఉంటుంది, కానీ బొరుగుల మధ్య సందులు అలాగే ఉంటాయి. డోలమైట్ కూడా అంతే. పైన వేల అడుగుల రాయి బరువు పడ్డా సున్నపురాయి అంత తేలిగ్గా నలగదు, కరగదు. పైగా కాస్త పెళుసు కాబట్టి భూమి కదిలినప్పుడు ఎక్కువగా పగులుతుంది. ఆ పగుళ్లే నీటికి దారులు.

మరి అన్ని బోర్లకూ నీళ్లెందుకు పడవు?

ఎందుకంటే మార్పు అక్కడితో ఆగకపోవచ్చు. రాయి గుండా మెగ్నీషియం నీళ్లు ఇంకా వస్తూనే ఉంటే కొత్త డోలమైట్ ఖాళీల్లోనే పెరిగి వాటిని పూడ్చేస్తుంది. సిలికా కూడా వచ్చి నిండుతుంది. వేంపల్లె డోలమైట్ పాత రాయి. 190 కోట్ల ఏళ్లలో దాని పలుకుల మధ్య సందులు చాలావరకు మూసుకుపోయాయి. పగుళ్లు లేని చోట చేత్తో ముక్క పట్టుకుని చూస్తే గట్టి బండే. నీళ్లు తాగే రాయిలా అనిపించదు.

అందుకే ఇక్కడ నీళ్లుండేది ప్రధానంగా మూడు చోట్ల. ఒకటి.. పగుళ్లు, పొరల మధ్య నెర్రెలు. రెండు.. వాన నీరు వేల ఏళ్లుగా కరిగించి చేసిన సొరంగాలు, బొరియలు. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని పలుచని ఆమ్లంగా మారుతుంది. అదే రాయిని కొద్దికొద్దిగా తినేస్తుంది. మూడు.. డోలమైట్‌ను కోసుకుంటూ వెళ్లిన నల్లటి డోలరైట్ రాయి అంచులు. ఈ నల్లరాయి గోడ భూమి లోపల ఆనకట్టలా పనిచేసి ఒక పక్క నీటిని ఆపుతుంది. గోడకు ఎగువన బోరు వేసినవాడికి నీళ్లు.. దిగువన వేసినవాడికి దుమ్ము!

ఈ మొత్తం చదివాక మొదట చెప్పుకున్న రెండు బోర్ల కథ అర్థమయ్యే ఉంటుంది. పగులును తాకిన బోరు పారింది. పది గజాల పక్కన గట్టి బండలోకి దిగిన బోరు ఎండింది. ఇంకో వంద అడుగులు లోతుకు వెళ్లినా ఆ బండలో పగులు తగలకపోతే ఖర్చు పెరగడం తప్ప ఫలితం ఉండదు.

బుగ్గ అంటే ఊరికే పెట్టిన పేరు కాదు

రాయలసీమలో బుగ్గ అంటే భూమిలోంచి తనంతట తాను ఉబికే ఊట. బుగ్గవంక, బుగ్గానిపల్లె, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం.. రాళ్ల లోపల నీళ్లున్నాయని మన పెద్దలు ఊరి పేర్లలోనే రాసిపెట్టారు. యాగంటి కోనేరులోకి కొండ నుంచి వచ్చే నీరు, మహానంది గుండాల్లో ఉబికే నీరు ఇలా రాతి పొరల దారుల్లోంచి వచ్చేవే.

ఆ దారులను లోపలికి వెళ్లి చూడాలంటే నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు వెళ్లాలి. ఇవి ఉన్నది నార్జి సున్నపురాయిలో. వేంపల్లె డోలమైట్ కంటే చాలా తర్వాత ఏర్పడిన పొర ఇది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశారు. 1980ల్లో డానియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి పర్యాటకులను అనుమతిస్తున్నారు. లోపల పాతాళగంగ అనే చోట నీటి పాయ ఒకటి రాళ్లలోకి వెళ్లి మాయమవుతుంది. బోరులోకి వచ్చే నీళ్లు భూమి లోపల ఎలాంటి దారుల్లో తిరుగుతాయో అక్కడ కళ్లారా చూడొచ్చు.

ఇదే రాయి.. వేరే చోట చమురు ఖజానా

కెనడాలోని అల్బర్టాలో ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ వరుసగా 133 బావులు తవ్వింది. అన్నీ ఫెయిల్. రాయలసీమ రైతుకు ఈ బాధ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 1947 ఫిబ్రవరి 13న లెడూక్ నంబర్ 1 బావిలో చమురు పొంగింది. కెనడా చమురు చరిత్రే మారిపోయింది. అక్కడ చమురు పట్టి ఉంచింది డోలమైట్‌గా మారిన పాత సముద్రపు రాళ్లే.

తూర్పు సైబీరియాలోని యురుబ్చెన్-తొఖోమో క్షేత్రంలో అయితే వంద కోట్ల ఏళ్లు పైబడిన డోలమైట్ పగుళ్లలో, బొరియల్లో చమురు ఉంది. మన దేశంలో రాజస్థాన్‌లోని బాఘేవాలాలో కూడా చాలా పాత రాళ్ల నుంచి చిక్కటి చమురు తీస్తున్నారు.

మరి కడపలో? ఇప్పటివరకు కడప బేసిన్‌లో వాణిజ్య స్థాయిలో చమురు ఉత్పత్తి లేదు. రాయిలో గది ఉంటే సరిపోదు. చమురు పుట్టించే పొర కింద ఉండాలి, బయటకు పోకుండా పైన మూత ఉండాలి, కోట్ల ఏళ్ల వేడికి అది పాడవకుండా మిగలాలి. ఈ నాలుగూ కలిస్తేనే చమురు. ఇక్కడి డోలమైట్‌లో బయటపడిన ఖజానా వేరే ఉంది.

తుమ్మలపల్లెలో యురేనియం

వేముల మండలం తుమ్మలపల్లెలో వేంపల్లె డోలమైట్‌లోనే యురేనియం దొరికింది. ఈ యురేనియం పొరల పట్టీ దాదాపు 160 కిలోమీటర్ల పొడవున సాగుతుంది. 49,000 టన్నుల నిల్వలు నిర్ధారణ అయ్యాయని, అవి ఇంకా చాలా పెరగొచ్చని 2011లో అణుశక్తి శాఖ ప్రకటించింది. యూసీఐఎల్ ఇక్కడ గని, శుద్ధి ప్లాంట్ నడుపుతోంది.

శుద్ధి పద్ధతిని కూడా డోలమైటే నిర్ణయించింది. చాలా చోట్ల యురేనియాన్ని యాసిడ్‌తో కరిగించి తీస్తారు. ఇక్కడ యాసిడ్ పోస్తే అదంతా డోలమైట్‌తో చర్య జరిపి ఖర్చయిపోతుంది. అందుకే సోడా లాంటి క్షార ద్రావణాలతో, వేడి, ఒత్తిడి పెట్టి తీస్తున్నారు.

ప్లాంట్ వ్యర్థాలు నిల్వ చేసే టెయిలింగ్ పాండ్ వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల గ్రామాల రైతులు ఫిర్యాదులు చేశారు. యూసీఐఎల్ ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఇలాంటి చోట రాయి స్వభావం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. ఇసుక పొరలో నీరు నెమ్మదిగా వడపోతకు గురవుతూ కదులుతుంది. పగుళ్ల డోలమైట్‌లో ఒక దిక్కున వేగంగా, ఇంకో దిక్కున అసలు కదలకుండా ఉండొచ్చు. కాబట్టి పరీక్ష బావులు పగుళ్ల దారి చూసి పెడితేనే వాటి ఫలితాలకు విలువ.

నీళ్లు తోడేస్తే నేలకు ఏమవుతుంది?

2015 చివర్లో భారీ వర్షాల తర్వాత కడప పక్కనే ఉన్న చింతకొమ్మదిన్నె మండలంలో భూమి గుండ్రంగా కుంగి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. జనం వణికిపోయారు. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించారు.

ఇలాంటి ఘటనల్లో జరిగేది ఇదీ. కింద సున్నపురాయిలో బొరియలుంటాయి. పైన మట్టి ఉంటుంది. బొరియల్లో నీళ్లు నిండుగా ఉన్నంతకాలం పైకప్పుకు కొంత ఆసరా. కరువులో బోర్లు లోతుకు వెళ్లి, నీటిమట్టం పడిపోతే ఆ ఆసరా పోతుంది. అప్పుడు ఒక్కసారిగా కుండపోత కురిస్తే నానిన మట్టి బరువెక్కి బొరియలోకి జారిపోతుంది. పైన నేల కుంగుతుంది.

దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ చుట్టూ 250 కోట్ల ఏళ్లకు పైబడిన డోలమైట్ ఉంది. అందులో భారీగా నీళ్లుంటాయి. బంగారు గనుల కోసం ఆ నీటిని తోడేశారు. 1962 డిసెంబర్ 12న వెస్ట్ డ్రీఫాంటీన్ గని దగ్గర నేల కుంగి, క్రషర్ ప్లాంట్ మొత్తం గుంతలో పడిపోయింది. 29 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ డోలమైట్ నేలల మీద కట్టే ఇళ్లకు, నీటి తోడకానికి కఠినమైన నిబంధనలు వచ్చాయి.

బోరు వేసే ముందు ఇవి చూసుకోండి

కొబ్బరికాయ, వేపపుల్ల పట్టుకుని నీళ్లు చూసే పద్ధతి రాయలసీమలో ఇంకా ఉంది. దాని మీద నమ్మకం ఉన్నా సరే, డోలమైట్ ప్రాంతంలో ఒక్కసారి భూగర్భ శాస్త్రజ్ఞుడితో రెసిస్టివిటీ సర్వే చేయించుకోవడం మంచిది. భూమిలోకి కరెంటు పంపి పగుళ్లు, తడి ఉన్న చోటును అంచనా వేసే పద్ధతి ఇది. వంద శాతం గ్యారంటీ ఉండదు. కానీ గుడ్డిగా వేసే బోరు కంటే మేలు.

పాత బోర్లలో ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి, ఏ రంగు పొడి వచ్చింది అన్నది రాసి పెట్టుకోండి. పక్క పొలం వాళ్లవి కూడా అడిగి రాసుకుంటే పగులు ఏ దిక్కున వెళ్తోందో కొంత అంచనా వస్తుంది. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి, బోర్ల మధ్య దూరం నిబంధనలు ఉన్నాయని మర్చిపోవద్దు.

వాన నీటిని ఎండిన బోరులోకి నేరుగా వదలొద్దు. ఇసుక, కంకర వేసిన వడపోత గుంత ద్వారానే పంపాలి. ఎందుకంటే ఈ రాళ్లలో మురుగు కూడా వడకట్టకుండానే పక్కవాళ్ల బోరులోకి వెళ్లిపోగలదు. సెప్టిక్ ట్యాంకు, పేడ దిబ్బ బోరుకు దూరంగా ఉండాలి.

నీటి నాణ్యత కూడా చూసుకోవాలి. డోలమైట్ నీటిలో కాల్షియం, మెగ్నీషియం రెండూ ఎక్కువ. గిన్నెల అడుగున తెల్లగా గార కట్టేది అందుకే. తాగునీటిలో మొత్తం గరుకుదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 వరకు పర్వాలేదని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్లోరైడ్‌కు ఆ హద్దులు 1 మిల్లీగ్రాము, 1.5 మిల్లీగ్రాములు. యురేనియం 0.03 మిల్లీగ్రాములు దాటకూడదు. తాగే బోరు నీటిని ఏడాదికోసారైనా ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుంటే మంచిది.

ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. బండలోని గది ఏర్పడటానికి కోట్ల ఏళ్లు పట్టింది. అందులోని నీళ్లు మాత్రం వానలు నింపినవే. వాన ఇచ్చినదాని కంటే ఎక్కువ తోడితే ఎంత పెద్ద గదైనా ఖాళీ అవుతుంది. పగుళ్ల రాయి కాబట్టి ఒక బోరులో మోటారు ఆడితే పక్క పొలం బోరులో నీటిమట్టం పడిపోతుంది. ఆ నీళ్లు ఏ ఒక్కరివీ కావు.. ఆ పగులు మీద బోరు వేసుకున్న ఊరందరివీ.